అరవై సీట్లలో పదహారు ఎక్కడికి పోయాయి?

బావ గ్రాఫ్ కాగితాన్ని నా ముందు పరిచి, పెన్సిల్ చెవి మీద పెట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా హాలు 30 అడుగుల పొడవు, 22 అడుగుల వెడల్పు. అందులో నలుగురేసి కూర్చునే టేబుళ్లు, వరసకు అయిదు చొప్పున మూడు వరసలు. మొత్తం 15 టేబుళ్లు, 60 కుర్చీలు. ప్రతి గీతా స్కేలు పెట్టి గీసినదే. ఏళ్ల తరబడి ఖాతా పుస్తకాలు రాసిన చెయ్యి, ఎక్కడా వంకర లేదు.

"అరవై," అన్నాడు.

ఆ అంకె మీద అద్దె, జీతాలు, కరెంటు బిల్లు అన్నీ అప్పటికే కూడేసి పెట్టుకున్నాడని నాకు తెలుసు.

నేను పదకొండేళ్లు ట్రే మోశాను. మొదట సర్వర్‌గా, చివరి నాలుగేళ్లు హాలు చూసుకునే కెప్టెన్‌గా. అక్కా బావా రెస్టారెంట్ పెడుతున్నామనగానే ఉన్న పని వదిలేసి వచ్చాను. వంటగది అక్కది, డబ్బు లెక్కలు బావవి, హాలు నాది అని ముందే అనుకున్నాం. అందుకే ఆ కాగితం చూసి ఊరుకోలేకపోయాను.

"కుర్చీలన్నీ టేబుళ్ల కిందికి తోసేసి ఉన్నాయి కదా బావా. మనుషులు ఎక్కడ కూర్చుంటారు?"

బావ కాగితం వైపు మళ్లీ చూశాడు. ఆయన గీసింది రాత్రి తలుపులు మూసేశాక, ఊడ్చి తుడిచి సర్దిపెట్టిన హాలు. అందులో ఒక్క మనిషీ లేడు.

ఆయనకు అర్థమయ్యేలా అంకెల్లోనే చెప్పాను. హాలు పొడవు 360 అంగుళాలు. టేబుల్ వెడల్పు 30 అంగుళాలు, అయిదింటికి 150. మిగిలిన 210 అంగుళాలను ఆరు సందులకు పంచితే ఒక్కో సందుకు 35. కాగితం మీద చూస్తే బండి పట్టే దారిలా ఉంటుంది. కానీ కూర్చున్న మనిషి కుర్చీతో కలిపి టేబుల్ అంచు నుంచి 18 అంగుళాలు వెనక్కి వస్తాడు. ఒకే సందులో ఇద్దరు వీపూ వీపూ చేసి కూర్చుంటే 36. నడిచే దారి మాట దేవుడెరుగు, కూర్చున్న ఆ ఇద్దరికే ఒక అంగుళం తక్కువ పడుతోంది.

"కొంచెం ముందుకు జరుగుతారులే," అన్నాడు బావ.

"కొంచెం జరుగుతారా అండీ" అన్న మాట నేను పదకొండేళ్లలో ఎన్ని వేల సార్లు అన్నానో నాకే తెలియదు. మొదటిసారి నవ్వుతూ జరుగుతారు. రెండోసారి జరుగుతారు గానీ నవ్వరు. మూడోసారి నా వైపు చూడకుండా కుర్చీ లాక్కుంటారు. బిల్లు అడిగేది ఆ తర్వాతే. ఆ మనిషి మళ్లీ వస్తాడా రాడా అన్నది మనకు ఎవరూ చెప్పరు.

మాటలతో తేలేలా లేదని మర్నాడు ఖాళీ హాల్లోకి వెళ్లాం. రంగులు వేసేవాళ్ల సామాను ఇంకా అక్కడే ఉంది. మిగిలిన ప్లైవుడ్ ముక్కలు రెండింటిని 30 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవుకు కోయించాను. పెద్ద రంగు డబ్బాలు రెండేసి ఒకదాని మీద ఒకటి పెట్టి, వాటి మీద ఈ ముక్కలు పరిస్తే దాదాపు టేబుల్ ఎత్తే వచ్చింది. పనివాళ్లు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలు నాలుగు దొరికాయి. బావ కాగితంలో ఉన్నట్టే నేల మీద సుద్దతో గీసి, రెండు టేబుళ్ల మధ్య 35 అంగుళాలు వదిలాం. ఒకవైపు బావను కూర్చోబెట్టాను. ఆయన వీపు వెనక టేబుల్ దగ్గర మేస్త్రిని కూర్చోబెట్టాను. ట్రేలో ఆరు గ్లాసుల నిండా నీళ్లు పోసుకుని బయలుదేరాను.

ఇద్దరూ నాకోసం పొట్టలు బిగబట్టి కూర్చున్నారు. అయినా పక్కకు తిరిగి నడవాల్సి వచ్చింది. సరిగ్గా మధ్యకు వచ్చేసరికి బావ ఫోను మోగింది. జేబులోంచి తీయడానికి ఆయన వెనక్కి వాలి కుర్చీని నెట్టాడు. కుర్చీ వీపు నా తొడకు కొట్టుకుంది. ట్రే పడిపోలేదు. పదకొండేళ్ల అలవాటు అంతవరకు కాపాడింది. కానీ చివరి గ్లాసు ఒక్కటి నెమ్మదిగా జారి, అంచు దగ్గర ఆగినట్టే ఆగి, మేస్త్రి మెడ మీద బోర్లా పడింది. ఆయన ఉలిక్కిపడి లేచాడు. ఆయన కుర్చీ వెనక్కి వచ్చి బావ కుర్చీ కాళ్లలో ఇరుక్కుంది. ఆ రెంటి మధ్యలో ట్రే పైకెత్తి పట్టుకుని నేను. కాసేపు ముగ్గురం కదల్లేకపోయాం. ఫోను మోగుతూనే ఉంది.

అక్క వంటగది గుమ్మంలోంచి చూసి, "అరవై మందీ ఇలాగే ఉంటారా?" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత బావ టేపు తనే పట్టుకున్నాడు. సుద్ద చెరిపి, ఒక్కో సందునూ పెంచుతూ నడిచి చూశాం. టేబుల్ అంచు నుంచి టేబుల్ అంచుకు 60 అంగుళాలు వదిలినప్పుడు నేను మామూలుగా నడవగలిగాను. ఇద్దరి కుర్చీలకు 18, 18 పోగా మధ్యలో 24 మిగులుతుంది, ఒక మనిషి నడవడానికి అది చాలు. ఎదురెదురుగా ఇద్దరు సర్వర్లు తప్పుకోవాల్సిన ముఖ్యమైన దారికి 24 చాలదు. అక్కడ 36 ఉండాలి. చక్రాల కుర్చీ వెళ్లడానికీ 36 అంగుళాలే లెక్క. అది వెనక్కి తిరగాలంటే 60 అంగుళాల గుండ్రటి ఖాళీ కావాలి, టేబుల్ కింద మోకాళ్లకు 27 అంగుళాల ఎత్తు ఉండాలి. గుమ్మానికి దగ్గరి టేబుల్‌ను అందుకే ఎంచి పెట్టాం. ఒక కుర్చీ తీసేస్తే చాలు, వచ్చినవాళ్లు ఎవరినీ లేపకుండా నేరుగా వచ్చి కూర్చోవచ్చు.

ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు నోటిలెక్కగా చెప్పుకునే మాట ఒకటి ఉంది. కూర్చోబెట్టి వడ్డించే చోట మనిషికి దాదాపు 15 చదరపు అడుగులు. తిని త్వరగా లేచిపోయే చోట 12 అయినా సరిపెట్టుకోవచ్చు, తీరిగ్గా కూర్చునే ఖరీదైన చోట 18 నుంచి 20 కావాలి. మా హాలు 660 చదరపు అడుగులు. బావ అరవైతో భాగించాడు, 11 వచ్చింది. పదిహేనుతో భాగించాడు, 44 వచ్చింది. కాలిక్యులేటర్‌ను బల్ల మీద బోర్లా పెట్టాడు. ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు.

మాట్లాడకపోవడం నాకే మంచిదయింది. అసలు చెప్పాల్సింది ఇంకొకటి మిగిలి ఉంది, దానికి ఆయన కాస్త చల్లబడాలి.

అదేమిటంటే, ఆయన అరవై నిజంగా ఎప్పుడూ అరవై కాదు. నేను పనిచేసిన చోట్ల గుమ్మంలోంచి ఎక్కువగా వచ్చింది ఇద్దరిద్దరే. ఇద్దరొచ్చి నలుగురి టేబుల్ దగ్గర కూర్చుంటే మిగిలిన రెండు కుర్చీల మీద సంచులు కూర్చుంటాయి. అలా పదిహేను జంటలు వస్తే బావ గీసిన హాలు నిండిపోయినట్టే. లోపల ముప్ఫై మంది, ఖాళీ కుర్చీలు ముప్ఫై, బయట నిలబడి ఎదురుచూసేవాళ్లు వేరే. ఈ తంతు రోజూ చూసి విసిగిపోయేవాణ్ణి. దీన్ని లెక్కకట్టే పద్ధతి ఒకటి ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో హోటల్ నిర్వహణ బోధించిన షెరిల్ కైమ్స్, సహచరులతో కలిసి 1998లో రాసిన వ్యాసంలో, రాబడిని ఒక్కో సీటుకు, ఒక్కో గంటకు ఎంత వచ్చిందో చూసి లెక్కించాలన్నారు. విమానాలకు, హోటల్ గదులకు అప్పటికే అలాంటి లెక్క ఉంది. సంచి కూర్చున్న సీటుకు ఆ గంటలో వచ్చేది సున్నా.

బావకు ఈ మాట పట్టింది. లెక్కల మనిషి కదా. "అయితే అన్నీ ఇద్దరి టేబుళ్లే పెట్టేద్దామా?" అని ఇటు నుంచి అటు దూకాడు.

అదీ కుదరదు, నలుగురు వస్తారు, ఆరుగురు వస్తారు. అయితే ఇద్దరి టేబుల్‌ను 24 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవుతో చేయిస్తే, రెండు పక్కపక్కన చేర్చినప్పుడు సరిగ్గా 48 బై 30 అవుతుంది. నలుగురి టేబుల్ కొలత అదే. మనిషికి టేబుల్ అంచు వెంబడి రెండు అడుగులు ఉంటే మోచేతులు తగలవు. అందుకే ఈ కొలతలన్నీ 24 చుట్టూ తిరుగుతాయి. చేర్చినప్పుడు మధ్యలో గాడి కనిపించకూడదు, ఒకటి ఎత్తు ఒకటి పల్లం కాకూడదు. కాబట్టి వాటన్నిటినీ ఒకేచోట, ఒకేసారి చేయించాలి. ఇది చిన్న సంగతిలా ఉంటుంది గానీ, ఆ గాడిలో గ్లాసు అడుగు పడి వాలడం నేను ఎన్నిసార్లు చూశానో.

అలా కుదిరింది చివరికి. ఒక పొడవాటి గోడ వెంబడి 24 అడుగుల బెంచీ, దాని ముందు ఎనిమిది ఇద్దరి టేబుళ్లు, అంటే 16 మంది. ఎదురు గోడకు ఆనించి నలుగురి టేబుళ్లు మూడు, 12 మంది. మధ్యలో ఇద్దరివి ఆరు, జతలు జతలుగా, ఇంకో 12. ముందు కిటికీ దగ్గర 36 అంగుళాల గుండ్రటి టేబుల్ ఒకటి, నలుగురికి. మొత్తం 44. హాలు మధ్యలో బావ కాగితంలో కనిపించని స్తంభం ఒకటి ఉంది. నీళ్ల జగ్గులు, చెంచాలు, శుభ్రమైన గుడ్డలు పెట్టుకునే సర్వర్ల అల్మారాను దానికే చుట్టించాం. ఆ అల్మారా లేకపోతే ప్రతి చెంచాకూ వంటగది దాకా పరుగెత్తాలి. సీట్లు గీసేవాళ్లకు ముందుగా మరుపు వచ్చేది దాని గురించే.

బెంచీ ఎందుకంటే, మనుషులకు గోడ ఇష్టం. ఖాళీ హాల్లోకి వచ్చినవాణ్ణి "ఎక్కడైనా కూర్చోండి" అంటే నూటికి తొంభైసార్లు గోడవారకో మూలకో వెళ్తాడు. నడిమధ్య టేబుల్ చివరిదాకా అనాథగా ఉండిపోతుంది. కానీ ఈ బెంచీ దగ్గరే నాకు నచ్చని సంగతి కూడా ఉంది. ఎనిమిది టేబుళ్లు పట్టాలంటే టేబుల్‌కూ టేబుల్‌కూ మధ్య 12 అంగుళాలే మిగిలాయి. పక్క టేబుల్ మనిషి మనకు మూడడుగుల దూరంలో ఉంటాడు. మనుషుల మధ్య దూరాల మీద అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1966లో చెప్పిన కొలతల ప్రకారం ఒకటిన్నర అడుగుల నుంచి నాలుగు అడుగుల లోపు దూరం స్నేహితులది, నాలుగు దాటితేనే పరాయివాళ్లది. అంటే మేము పరాయివాళ్లను స్నేహితుల దూరంలో కూర్చోబెడుతున్నాం. టేబుళ్లను ఏడుకు తగ్గిద్దామన్నాను. బావ నా వైపు చూసిన చూపుకు ఆ మాట అక్కడితో వదిలేశాను.

బెంచీకి మూడడుగుల నమూనా ముక్క ఒకటి ముందుగా చేయించడం మాత్రం మా అదృష్టం. టేబుల్ ఎత్తు 30 అంగుళాలు, సీటు ఎత్తు 18, మధ్యలో 12 అంగుళాల తేడా ఉంటే చెయ్యి సుఖంగా ఆడుతుంది. నమూనా వచ్చింది, టేపు పెట్టాం, కచ్చితంగా 18. బావ కూర్చున్నాడు. ఫోమ్ ఉస్సురుమని దిగిపోయింది. కూర్చున్న మనిషితో కొలిస్తే 15. టేబుల్ ఆయన ఛాతీ దగ్గరికి వచ్చి, పెద్దవాళ్ల బల్ల ముందు కూర్చోబెట్టిన పిల్లవాడిలా కనిపించాడు. సోఫా పనివాడు "కొత్త ఫోమ్ కదా, సర్దుకుంటుంది" అన్నాడు. సర్దుకుంటే ఇంకా దిగుతుంది గానీ పైకి లేస్తుందా? గట్టి ఫోమ్ వేసి, మనిషిని కూర్చోబెట్టి 18 రావాలని చెప్పి పంపాం.

కుర్చీల గురించి పెద్దగా గొడవ పడలేదు. చేతులున్న కుర్చీ వద్దన్నాను. చేతులు టేబుల్ అంచుకు కొట్టుకుంటాయి, పక్కకు కూడా ఎక్కువ చోటు తింటాయి. తేలిగ్గా ఉండాలి, ఒంటిచేత్తో ఎత్తేలా. రోజుకు రెండుసార్లు వాటిని ఎత్తి నేల తుడిచేది మేమే. కాళ్ల కింద ఫెల్టు ముక్కలు ఉండాలి, లేకపోతే గచ్చు మీద కుర్చీ లాగిన ప్రతిసారీ పళ్లు పులుస్తాయి. కాఫీ హోటళ్లలో వంచిన కర్రతో చేసిన కుర్చీలు చూసే ఉంటారు. వాటికి మూలమైన థోనెట్ 14వ నంబరు కుర్చీ 1859 నాటిది. ఆరు కర్ర ముక్కలు, పది మరలు, రెండు నట్లు, అంతే. విడదీస్తే ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. అంత పొదుపుగా ఆలోచించిన మనిషిని తలుచుకుంటే నాకు అసూయ. మేము కొన్నది దానికి దూరపు చుట్టం లాంటిది.

టేబుల్ ఊగడం గురించి కూడా ఒక మాట. కాలి కింద మడత పెట్టిన కాగితం దూర్చడం మా వృత్తిలో మొదట నేర్చుకునే విద్య. నాలుగు కాళ్లూ సమానమై, నేల మాత్రమే ఎగుడుదిగుడైతే, చతురస్రపు టేబుల్‌ను ఉన్నచోటే పావు చుట్టులోపు తిప్పుతూ పోతే నాలుగు కాళ్లూ ఆనే చోటు ఎక్కడో ఒకచోట తగులుతుంది. గణితజ్ఞులు 2005లో దీన్ని నిరూపించారు కూడా. తీరా ఆనిన చోట టేబుల్ మూల దారిలోకి పొడుచుకొస్తే ఏం చేయాలో వాళ్లకు అనవసరం. అందుకే మిగతా టేబుళ్లకు మర తిప్పి ఎత్తు సర్దుకునే కాళ్లు వేయించి, కిటికీ దగ్గరి గుండ్రటి దానికి మాత్రం మామూలు కాళ్లు పెట్టించాను. దాన్ని ఎంత తిప్పినా ఎవరికీ మూల తగలదు.

ఇక దీపాలు. టేబుల్ మీదికి వేలాడే దీపం టేబుల్ పైనుంచి 30 నుంచి 36 అంగుళాల ఎత్తులో ఉంటే వెలుగు గిన్నె మీద పడుతుంది, ఎదుటి మనిషి ముఖానికి అడ్డం రాదు. బాగానే ఉంది. కానీ బావ ఆ గ్రాఫ్ కాగితం నాకు చూపించక ముందే దాని నకలు ఒకటి ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చేశాడు. ఒక ఉదయం వెళ్లి తలుపు తీస్తే, పైకప్పు నుంచి మూడు వరసల్లో పదిహేను తీగలు వేలాడుతున్నాయి. వాటిలో సగం ఇప్పుడు దారుల మీద, సర్వర్ల నెత్తికి తగిలేలా ఉన్నాయి. లేని టేబుళ్లకు దీపాలు. బావ వాటి కింద నిలబడి చాలాసేపు పైకి చూశాడు. నేను ఏమీ అనలేదు. అక్క అంది గానీ అది ఇక్కడ రాయను. ఇప్పుడు మధ్య వరస మీద పైకప్పుకు పట్టాలు బిగించి, దీపాలు అటూ ఇటూ జరుపుకునేలా చేయిస్తున్నాం. టేబుళ్లు కలిపినా విడదీసినా దీపం వాటి వెంట రాగలగాలి.

సోమవారం టేబుళ్లకు ఆర్డర్ ఇవ్వాలి. నేల మీద అన్నీ రంగు టేపుతో అతికించి ఉన్నాయి. రోజుకోసారి ఖాళీ ట్రే పట్టుకుని ఆ గీతల మధ్య నడుస్తున్నాను. చూసేవాళ్లకు పిచ్చివాడిలా కనిపిస్తానేమో. వంటగది తలుపుకు మనిషి ముఖం ఎత్తులో అద్దం పెట్టించాం, అటు నుంచి ఎవరొస్తున్నారో తెలియడానికి. ఆ తలుపు పక్కన బెంచీ ఆగిపోయిన చోట, మూడడుగులు ఖాళీగా వదిలాను. రెండు చేతులా బరువుతో తలుపు తోసుకుని వచ్చేవాడికి ఒక అడుగు వేసి నిలదొక్కుకునే చోటు అది.

మూడడుగులంటే 36 అంగుళాలు. 24 అంగుళాల టేబుల్, 12 అంగుళాల సందు. ఈ లెక్క బావకు రెండో రోజే తట్టింది.

"ఎనిమిది టేబుళ్లు అంత దగ్గరగా ఉన్నాయని నువ్వే అంటున్నావు కదా, తొమ్మిదోది ఏం పాపం చేసింది?" అంటాడు. నిన్న ఉదయం వెళ్లేసరికి ఆ ఖాళీలో తొమ్మిదో టేబుల్ పసుపు టేపుతో నీటుగా అతికించి ఉంది, స్కేలు పెట్టినంత తిన్నగా. పీకేశాను. సాయంత్రానికి మళ్లీ ఉంది. ఈ రోజు ఉదయం మళ్లీ పీకేశాను. టేపు చుట్ట తీసి అక్క దగ్గర దాచమని ఇచ్చాను. బావ దగ్గర ఇంకొకటి ఉందేమో అడగలేదు.